మామగారి ఎదుట ఒక ముక్క

యర్బాకి కలలు జపాన్ భాషలో వస్తాయి. ఆ దేశంలో ఓ చిన్న రేవులో తొమ్మిది నెలలుండి ఆక్టోపస్ పని నేర్చుకుని వచ్చాడు. వచ్చి పదకొండేళ్లయింది. పగలంతా ఆ భాష ఎక్కడ దాక్కుంటుందో గాని, కళ్లు మూతపడగానే మెల్లగా బయటికొస్తుంది. కలలో ఒంటెలు మాట్లాడినా ఆ భాషలోనే, అమ్మ కోప్పడినా ఆ భాషలోనే. పెళ్లయిన కొత్తలో ఈ సంగతి చెబితే భార్య నెన్నా మూతి ముడుచుకుంది. "అయితే నేను నీ కలలోకి రాలేనన్నమాట. నాకు ఆ భాష రాదుగా" అంది.

ఏడాదిన్నరగా ఆ కలల్లోకి హమ్మా వస్తున్నాడు. హమ్మా నెన్నాకి ఒక్కగానొక్క తమ్ముడు. పడవ ముక్కు మీద కాళ్లు వేలాడేసుకుని కూర్చుంటాడు. చుట్టూ పాలలాంటి పొగమంచు, కింద నీళ్లున్నాయో లేవో తెలియదు. బతికుండగా జపాన్ భాషలో ఒక్క ముక్క రాని హమ్మా, ఆ భాషలోనే చక్కగా అడుగుతాడు, "బావా, ఐసు వచ్చిందా?" అని. యర్బా జవాబు చెప్పబోయేలోగా మెలకువ వచ్చేస్తుంది.

ఈ కల గురించి విన్నప్పుడల్లా నెన్నా అడిగేది ఒకటే మాట. "వాడి బట్టలు తడిగా ఉన్నాయా, పొడిగా ఉన్నాయా?"

"పొడిగానే ఉన్నాయి."

"సరే" అని లేచి పొయ్యి దగ్గరికి వెళ్లిపోతుంది. ఆ రోజంతా ఆమె ముఖం కొంచెం తేటగా ఉంటుంది.

తెయ్‌షిత్ అనే మా ఊరు ఎడారికీ సముద్రానికీ మధ్య ఇరుక్కున్న ఇసుక పట్టీ. గుడారాలూ చెక్క షెడ్లూ కలిపితే అరవై ఉంటాయేమో. మా బతుకంతా ఆక్టోపస్‌ది. తాడుకి వరసగా కుండలు కట్టి సముద్రంలో వదిలితే, అది ఇల్లు దొరికిందనుకుని తనంతట తనే వచ్చి లోపల సర్దుకుంటుంది. పైకి లాగేదాకా హాయిగా నిద్రపోతూ ఉంటుంది. దాన్ని తీసి, కడిగి, సైజుల వారీగా ఏరి, ఐసులో పెట్టి జపాన్‌కి పంపాలి. ఏరే పని యర్బాది. చూపుడువేలితో అలా నొక్కి ఎన్ని గంటల కిందట చచ్చిందో చెప్పగలడు. పొద్దున షెడ్లో ఆ మెత్తని చల్లని శరీరాలను నొక్కుతూ నొక్కుతూ సగం నిద్రలోకి జారుకుంటాడు. అప్పుడు తను ఏ ఒడ్డున ఉన్నాడో అతనికే తెలియదు. ఆ రేవులో కురిసే మంచూ, ఇక్కడ ఎగిరే ఇసుకా కలిసిపోతాయి.

అన్నీ బాగానే ఉన్నాయి గాని, మా ఊళ్లో ఐసు లేదు. నువాదిబూ పట్నం నుంచి పడవలో తేవాలి, పోను ఒక పగలు, రాను ఒక పగలు. ఏడాదిన్నర కిందట హమ్మా మరిద్దరితో కలిసి ఐసుకి వెళ్లి తిరిగొస్తూ పొగమంచులో చిక్కుకున్నాడు. నాలుగో రోజున ఐసు పెట్టెలు ఒడ్డుకి కొట్టుకొచ్చాయి. మూతలు తీస్తే లోపల ఐసు ఇంకా సగం కరగకుండానే ఉంది. మనుషులు మాత్రం రాలేదు.

అందుకే, జపాన్ వాళ్లు మన తీరంలో ఒకచోట ఐసు గది కట్టిస్తారట, ఉప్పునీళ్లనే ఐసు చేసే యంత్రం పెడతారట అని కబురొచ్చినప్పుడు ఊరంతా ఊపిరి బిగబట్టింది. కట్టేది ఒక్కటే. కాగితం మీద రెండు ఊళ్ల పేర్లున్నాయి, మనదీ, దక్షిణాన ఇంకొకటీ. ఏ ఊరో తేల్చడానికి షిమొకావా అనే పెద్దమనిషి వస్తున్నాడు, వెంట వాళ్ల ఎంబసీ మనిషి కూడా. ముప్ఫై ఏళ్లుగా మన ఆక్టోపస్‌ని వాళ్ల ఊళ్లకి కొనిపెడుతున్నది ఈ షిమొకావాయే.

సంఘం కార్యదర్శి బీరామ్ ఈ కబురుతోపాటు ఇంకో కబురు కూడా తెచ్చాడు. నోట్లో మాట నిలవని మనిషి అతను, కాని ఈసారి గొంతు తగ్గించి చెప్పాడు. ఆ షిమొకావా మనతో కలిసి ఆక్టోపస్ తినాలంటున్నాడట. మనలో ఒక్కడైనా తినగా చూడాలట. వెనక ఏదో దేశంలో ఇలాంటి ఐసు గదే కట్టిస్తే, రెండేళ్ల తర్వాత వెళ్లి చూసేసరికి అందులో ఉల్లిపాయల బస్తాలూ సిమెంటు బస్తాలూ ఉన్నాయట. తను తినే వస్తువునైతే మనిషి జాగ్రత్తగా చూసుకుంటాడు, అమ్ముకునే వస్తువునైతే ఎలాగోలా వదిలించుకుంటాడు అన్నది ఆయన లెక్క.

ఇక్కడే వచ్చింది చిక్కు. మేం ఆక్టోపస్ పడతాం, తినం. పొలుసు లేదు, ఎముక లేదు, నరికిన తర్వాత కూడా కాలు వచ్చి మన వేలు పట్టుకుంటుంది. అలాంటిదాన్ని అన్నంలో పెట్టుకుని ఎలా తింటాం? ఇమాంని అడిగితే నిషిద్ధమేమీ కాదు, నిరభ్యంతరంగా తినొచ్చు అన్నాడు. మీరు తింటారా అంటే మాత్రం గడ్డం సర్దుకున్నాడు.

ఊరు మొత్తానికి తినే మనిషి యర్బా ఒక్కడే. జపాన్‌లో రుచి మరిగాడు. వారానికోసారి షెడ్డు వెనక గ్యాసుపొయ్యి మీద ఉడకబెట్టుకుని దొంగతనంగా తింటాడు. ఇంటికొచ్చాక నెన్నా పుదీనా టీతో నోరు పుక్కిలింపజేసి గాని దగ్గరికి రానివ్వదు. కనుక తినే మనిషి దొరికినట్టే. కాని దాని వెనకే ఇంకో చిక్కుంది. ఊళ్లో పెద్ద జాలరి, అతిథి వస్తే ముందు కూర్చోవలసిన మనిషి దెద్దా. దెద్దా నెన్నా తండ్రి.

అల్లుడికి కొసరి కొసరి వడ్డించే దేశాలు కూడా ఉన్నాయని విన్నాం. మాలో అలా కాదు. మామగారి ఎదుట అల్లుడు తినడు, తాగడు, నవ్వడు, నోరు తెరిచి ఆవులించడు. అసలు ఎదురే పడడు. అది పగ కాదు, గౌరవం. వాళ్ల ఇంటి ఆడపిల్లని తెచ్చుకున్నవాడు ఆ తండ్రి కళ్ల ముందు ఒళ్లు మరిచి ఉండకూడదు, అంతే. పెళ్లయిన పదేళ్లలో దెద్దాకీ యర్బాకీ మధ్య ఒక్క మాట నడవలేదు. ఏ గుడారంలోకైనా వచ్చే ముందు దెద్దా బయట నిలబడి గట్టిగా దగ్గుతాడు. లోపల యర్బా ఉంటే, వెనక అంచు ఎత్తుకుని జారుకుంటాడు. ఏదైనా చెప్పాలంటే మధ్యన నెన్నా ఉంది. హమ్మా పోయినప్పుడు కూడా యర్బా వెళ్లి ఆ ముసలాయన పక్కన కూర్చోలేకపోయాడు. మూడు రోజులు గుడారం వెనకవైపు ఇసుకలో నిలబడి, గుడ్డకి అటువైపు నుంచి ఆయన ఊపిరి వింటూ ఉండిపోయాడు. ఆ ఊపిరి ఇప్పటికీ అతని చెవుల్లో ఉంది.

"ఆ ఒక్క పూటా ఆయన్ని సముద్రం మీదికి తోలేద్దాం" అన్నాడు బీరామ్. ఉత్తరం వైపు వేసిన కుండలని ఎవరో కాజేస్తున్నారని ఓ కథ అల్లాడు. అరవై ఎనిమిదేళ్ల దెద్దా ఆ మాట వినగానే మండిపడి, అతిథి వచ్చే రోజున తెల్లవారుతూనే ఇద్దరిని వెంటబెట్టుకుని పడవెక్కాడు. ఊళ్లో అందరికీ ఎందుకో తెలుసు, ఆయనకి తప్ప.

పోటు తగ్గి తడి ఇసుక బయటపడ్డాక, ఆ ఇసుక మీదుగానే జీపు వచ్చింది. దాని వెనకాలే సముద్రం మీంచి పొగమంచు కూడా వచ్చింది. ముందు పడవలు మాయమయ్యాయి, తర్వాత షెడ్డు, తర్వాత ఎదుటి గుడారాలు. జీపు దిగిన షిమొకావా ఆ తెల్లదనంలో ఒక్క క్షణం నిలబడి గాలి పీల్చాడు. పొట్టి మనిషి, డెబ్భై పైబడ్డాయి, చేతులు మాత్రం మన జాలర్ల చేతుల్లాగే పెద్దవి, మొద్దుబారినవి. నేరుగా షెడ్డులోకి వెళ్లి ఒక్కో ఆక్టోపస్‌నీ చూపుడువేలితో నొక్కాడు. యర్బా కూడా పక్కనే నొక్కాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని తల ఊపారు. యర్బాకి అది నిజమో కలో అర్థం కాలేదు. పగటిపూట, మెలకువగా ఉండగా, తన ఊరి ఇసుకలో నిలబడి ఆ భాష మాట్లాడుతున్నాడు. పొగమంచులోంచి ఏ క్షణంలోనైనా హమ్మా వచ్చి పలకరించేలా ఉంది.

గుడారంలో చాపలు పరిచారు. టీ అయింది. మగవాళ్లంతా చేతులు నీలం అంగీల్లో దాచుకుని కూర్చున్నారు, ఎవరైనా పట్టుకుని తినిపిస్తారేమోనన్నంత భయం. యర్బా ఆక్టోపస్‌ని ఉప్పుతో రుద్ది, తను నేర్చుకున్న పద్ధతిలో ఉడకబెట్టి, పల్చగా కోసి పళ్లెంలో పెట్టాడు. షిమొకావా తనతో తెచ్చుకున్న సీసా తీసి నల్లటి సోయా పులుసు గిన్నెలో పోశాడు. తనూ ఒక ముక్క తింటానని మూడు రోజులుగా కోతలు కోసిన బీరామ్, పళ్లెం చూడగానే జీపు డ్రైవరుకి టీ అందిందో లేదో చూసొస్తానని లేవబోయాడు. పక్కనున్నవాళ్లు అంగీ పట్టుకుని కూర్చోబెట్టారు.

"ముప్ఫై ఏళ్లు" అన్నాడు షిమొకావా తన భాషలో, యర్బాతో. "మీరు పట్టినదే నేను తిన్నాను, నా పిల్లలు తిన్నారు. మీరెవరూ తినగా నేను చూడలేదు. రా, కలిసి తిందాం."

యర్బా ముక్క అందుకున్నాడు. పులుసులో ముంచాడు. నోటి దాకా తెచ్చాడు.

గుడారం బయట దగ్గు వినిపించింది.

పొగమంచులో కుండలేం కనిపిస్తాయి, పడవని వెనక్కి తిప్పి ఒడ్డు పట్టుకుని వచ్చేశాడు దెద్దా. అతిథి వచ్చాడని తెలిశాక పెద్దవాడు పలకరించకుండా ఎలా ఉంటాడు? యర్బా చెయ్యి దానంతటదే దిగిపోయింది. ముక్క పళ్లెంలో పడింది. తలగుడ్డ కొస నోటి మీదికి లాక్కుని, పదేళ్ల అలవాటుగా వెనక అంచు వైపు సగం లేచాడు. షిమొకావా అతని చొక్కా చెయ్యి పట్టుకుని ఆపాడు.

గుడారం ముందు అంచు ఎత్తి దెద్దా లోపలికొచ్చాడు. గడ్డం మీద మంచు చుక్కలు. లోపల యర్బాని చూసి ఆయన కూడా ఆగిపోయాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోకుండా చూపులు నేలకి దించారు.

షిమొకావా ముఖం మారింది. "ఏమైంది? నువ్వే ఏరావు, నువ్వే వండావు. నోటిదాకా తెచ్చి దించేశావు. అందులో ఏముందని?" ఆయన గొంతులో కోపం లేదు. ముప్ఫై ఏళ్ల నమ్మకం ఒక్కసారి సడలినట్టు ఉంది. ఎంబసీ మనిషి ఒళ్లోని కాగితం సర్దుకున్నాడు.

యర్బా గుడ్డ చాటునుంచి, తనకే వినపడనంత మెల్లగా అన్నాడు. "ఆయన నా భార్య తండ్రి."

దాంతో అంతా సర్దుకుంటుందనుకున్నాడు. జరిగింది వేరు. షిమొకావా ముఖం వెలిగిపోయింది. "మామగారా! ముందే చెప్పొద్దూ! పెళ్లిరోజున మా మామగారు తన చేత్తో చేప చీల్చి నాకు పెట్టారు. ఆ రోజు నుంచే నేను ఆ ఇంటివాణ్ణయ్యాను" అన్నాడు. పళ్లెంలోంచి లావుపాటి ముక్క ఒకటి ఏరి, రెండు చేతులతో పట్టుకుని దెద్దా వైపు చాచాడు. "యర్బా, చెప్పు. పెద్దాయన్ని ముందు తినమను. తర్వాత నువ్వు. మీరిద్దరూ నా ఎదుట కలిసి తింటే, ఇంక నేను అడగవలసిందేమీ ఉండదు."

బీరామ్ గుడారం నడిమి గుంజ వంక అదే పనిగా చూస్తున్నాడు. ఇంకెవరో గొంతులో ప్రార్థన గొణుక్కున్నారు. మామగారితో మాట్లాడటమే తప్పు. ఆయన్ని తినమనడం అంతకన్నా తప్పు. ఆయన ఎదుట తింటే ఊళ్లో తను తల ఎత్తుకోలేడు, నెన్నా తల ఎత్తుకోలేదు. ఇవన్నీ యర్బాకి తెలుసు. మాట్లాడకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. దక్షిణాన ఆ ఊళ్లో ఐసు గది లేస్తుంది. తమ పడవలు నువాదిబూకి పోతూనే ఉంటాయి, పొగమంచు కమ్ముతూనే ఉంటుంది. ఇంకెవరి తమ్ముడో ఇంకెవరి కలలోనో పడవ ముక్కు మీద కూర్చుని ఐసు వచ్చిందా అని అడుగుతాడు.

యర్బా నోటి మీద గుడ్డ దించాడు. ఏమని పిలవాలో తెలియలేదు, పిలిచే మాటేదీ ఇన్నేళ్లలో వాడలేదు గదా. తల దించుకునే అన్నాడు.

"అతిథి మిమ్మల్ని తినమంటున్నాడు."

దెద్దా గొంతు వచ్చింది, మధ్యన నెన్నా లేకుండా, సూటిగా అతనికే. "ఎందుకట?"

"ఐసు కోసం."

దెద్దా బీరామ్ వైపు తిరిగాడు. "నన్ను పొద్దున్నే ఉత్తరానికి తోలింది ఇందుకేనా?"

బీరామ్ గుంజ వంక చూడటం మానలేదు. "కుండలు మాత్రం నిజంగానే ఉన్నాయి కదా పెద్దాయనా" అన్నాడు.

దెద్దా వచ్చి పళ్లెం ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. ముప్ఫై ఏళ్లకు పైగా పట్టినా దాన్ని ఎన్నడూ నోట పెట్టని మనిషి, షిమొకావా చేతుల్లోని ముక్కని కళ్లు చికిలించి చూశాడు. బిస్మిల్లా అని అందుకున్నాడు. ఉన్న నాలుగు పళ్లతో నమిలాడు, నమిలాడు, ఇంకా నమిలాడు. గుడారంలో ఉన్నవాళ్లందరి దవడలూ ఆయనతోపాటు కదిలాయి. చివరికి మింగి, గడ్డం తుడుచుకున్నాడు.

షిమొకావా ఇప్పుడు యర్బా వైపు చూశాడు. అందరూ యర్బా వైపే చూశారు. యర్బా చెయ్యి పళ్లెం దాకా వెళ్లింది, అక్కడ ఆగిపోయింది. ఎంత బలవంతం చేసినా పైకి లేవలేదు. పదేళ్ల గౌరవమంతా ఆ చేతి మీద కూర్చుంది. సిగ్గుతో చెవులు మండిపోతున్నాయి, ఎక్కడికైనా, ఆ తెల్లటి మంచులోకి పరుగెత్తి కలిసిపోవాలని ఉంది.

దెద్దా ఆ చేతిని చూశాడు. ఇంకో ముక్క తనే తీశాడు, పులుసులో ముంచాడు.

"అల్లుడు నా ముందు తినకూడదు" అన్నాడు. "అది మన పద్ధతి, నేనూ తప్పను. కాని మా వాడు నా చేతి ముద్దే తినేవాడు. మీసాలొచ్చినా మానలేదు. కొడుకు తింటుంటే చూడ్డానికి తండ్రికి సిగ్గేముంది?" గట్టిగా ఊపిరి పీల్చాడు. గుడ్డకి అటువైపు నుంచి మూడు రోజులు విన్న ఆ ఊపిరి, ఇప్పుడు అడ్డమేమీ లేకుండా యర్బాకి వినిపించింది. "వాడి చోటు ఖాళీగానే ఉంది. నువ్వు గుడారం వెనక నిలబడ్డావని నాకు తెలుసు, మూడు రోజులూ తెలుసు. ఈ పూటకి ముందుకొచ్చి కూర్చో. తిను నాయనా."

యర్బా నోరు తెరిచాడు. దెద్దా తన చేత్తో పెట్టాడు. యర్బా నమిలాడు. కళ్లలోంచి నీళ్లు కారి ఆ రుచిలో కలిశాయి. తుడుచుకోవాలని కూడా తోచలేదు. బయట సముద్రం కనపడకుండానే మోగుతోంది. పదకొండేళ్లలో మొదటిసారి అతనికి తను ఏ ఒడ్డున ఉన్నాడో స్పష్టంగా తెలిసింది.

షిమొకావా ఇద్దరినీ చాలాసేపు చూశాడు. ఎంబసీ మనిషి ఒళ్లోంచి కాగితం తీసుకుని, రెండు పేర్లలో ఒకదాని కింద గీత గీశాడు. తెయ్‌షిత్ పేరు కిందే. బీరామ్ అది చూసి, ఎవరూ పెట్టకుండానే, కళ్లు మూసుకుని ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు.

కాగితం తిరిగి ఇచ్చేశాక షిమొకావా యర్బా వైపు వంగి మెల్లగా అడిగాడు. "మీ మామగారు ఏమన్నారు?"

యర్బా ఆ మాటల్ని ఆ భాషలోకి తిప్పాలని చూశాడు. పదాలన్నీ వచ్చు, కలల్లో కూడా వచ్చు. ఒక్కటీ బయటికి రాలేదు.

"తినమన్నారు" అన్నాడు.

"అంతేనా? చాలా మాట్లాడారుగా."

"మా దగ్గర తినమనడానికి చాలా మాటలు పడతాయి" అన్నాడు యర్బా. దెద్దా చేతిలో ఇంకో ముక్క సిద్ధంగా ఉండడం చూసి, ఆయన వైపు జరిగి కూర్చున్నాడు.